బేస్తవారం మూసిన షట్టర్

వికారాబాద్ జంక్షన్‌లో పొద్దున పూట చాయ్ తాగుతూ చచ్చిపోయిన మనిషిని, అతను చచ్చిపోయాడని గుర్తుపట్టడానికి జనానికి చాలాసేపు పట్టింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. పేపర్ కప్పు చేతిలోనే ఉంది. పక్కన చోటు కోసం ఒకాయన "జర జరుగు అన్నా" అని భుజం తట్టాక గానీ ఆ శరీరం ఒరగలేదు.

అతని పేరు గిరీష్. హైదరాబాద్‌లోని ఒక రక్షణ ల్యాబ్‌లో ఇంజనీరు. మెడ వెనక సూది గుచ్చిన చుక్క ఉంది. ఒళ్ళో సంచి అడుగున బ్లేడుతో కోసిన గాటు ఉంది. సంచిలో ఉండాల్సిన సైఫర్ చిప్ మాత్రం లేదు. మన నౌకలు సముద్రం మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రహస్య భాషకు అది తాళంచెవి. సైజు అగ్గిపెట్టెలో సగం. ఎవరికీ అనుమానం రాకూడదని దాన్ని గార్డు లేకుండా, మామూలు రైల్లో, మామూలు సంచిలో పంపించారు. అంత తెలివైన ఆలోచన ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

సంచిలో దొరికింది ఇంకొకటి. అరచేతిలో పట్టే చిన్న సర్క్యూట్ బోర్డు, ఒక నల్లటి బజ్జర్, నాలుగు వైర్లు, బ్యాటరీ పెట్టని క్లిప్పు. వెనక ఒక స్టిక్కర్: 'షెహబాజ్ ఎలక్ట్రానిక్స్, తాండూరు'. రైల్వే స్టేషన్‌లో శవం పక్కన వైర్లు, బజ్జర్ కలిసి కనిపిస్తే పోలీసుల నోట వచ్చే మాట ఒక్కటే. ఆ మధ్యాహ్నానికే షెహబాజ్‌ను దుకాణంలోంచి ఎత్తుకొచ్చారు. దుకాణానికి సీలు వేశారు. సాయంత్రానికి టీవీలో అతని ఫొటో వచ్చేసింది.

మర్నాడు బుధవారం పొద్దున అమ్జద్‌కు కబురొచ్చింది. వికారాబాద్‌లో 'విత్తన పరీక్షా కేంద్రం' అని బోర్డున్న ఒక మేడ పైగదిలో అతని చీఫ్ వీరేశం కూర్చుని ఉన్నాడు. ఆ కేంద్రంలో ఎన్నడూ ఒక్క విత్తనాన్ని పరీక్షించిన పాపాన పోలేదు.

"కూసో అమ్జద్," అన్నాడు వీరేశం. "ఆపరేషన్ సన్‌రైజ్. టార్గెట్, సిల్వర్ రింగ్. విదేశీ ముఠా. చిప్ ఇప్పుడు తాండూరుల ఉన్నది. రేపు సాయంత్రం ఒక బండల ఎక్స్‌పోర్ట్ కన్‌సైన్‌మెంట్ బొంబాయి పోర్టుకు పోతది. అండ్ల ఏదో ఒక పెట్టెల పెట్టి దేశం దాటిస్తరు."

"ఇన్ఫర్మేషన్ ఎవరిది సార్?"

"మనోరమది. రెండేండ్ల నుంచి ముఠాల మన మనిషి. ఎక్స్‌పోర్ట్ ఏజెంట్ లెక్క తిరుగుతున్నది. నీకు సాయం జేస్తది."

అమ్జద్ అడగాల్సింది ఇంకొకటుంది. అడిగేలోపు వీరేశమే అన్నాడు.

"షెహబాజ్ నీ తమ్ముడని తెలుసు. అందుకే నిన్ను పిలిచిన."

"నమ్మకం ఉంది గనక, అంతేనా సార్?"

"ఇద్దరి మీద ఒక్కసారే నిఘా పెట్టొచ్చు గనక." వీరేశం అబద్ధాలు చెప్పే మనిషి కాదు. అందుకే అతన్ని ప్రేమించడం ఎవరికీ సాధ్యం కాలేదు. "ఢిల్లీ టీం రేపు సాయంత్రం వస్తున్నది. చిప్ దొరికిందా, మీ తమ్ముడు ఇంటికి పోతడు. దొరకలేదా, వాళ్ళ జీపెక్కుతడు. ఎక్కినోళ్ళు మళ్ల ఎప్పుడొస్తరో నన్నడగకు."

షెహబాజ్ కింది గదిలోనే ఉన్నాడు. అన్నదమ్ములు ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. కానీ గది మూలన కెమెరా ఉంది. దక్కనీలో మాట్లాడితే దాన్నీ కోడ్ అనుకుంటారని అమ్జద్ తెలుగులోనే మొదలుపెట్టాడు.

"కొట్టిన్రా?"

"అడగకు భాయ్." షెహబాజ్ పెదవి వాచి ఉంది. "అది బాంబ్ గాదు. షట్టర్ బజ్జర్. రాత్రి దుకాణం షట్టర్ లేపితె వెల్తురు పడి కుయ్యిమంటది. పప్పు మిల్లోళ్ళు, కిరాణోళ్ళు అందరు కొన్నరు. నన్ను పట్కొచ్చిన పోలీసాయన ఇంట్ల గూడ ఒకటున్నది."

"గిరీష్ ఎందుకు కొన్నడు?"

"సోమారం అత్తగారింటికి వచ్చినప్పుడు కొన్నడు. సంచిల పెట్టుకుంట, ఎవరన్న సంచి తెరిస్తె మొత్తుకోవాలె అన్నడు. బ్యాటరీ ఏసుకోండి సార్ అని రెండుసార్లు చెప్పిన. ఏసుకోలే."

అమ్జద్ కళ్ళు దించుకున్నాడు. తమ్ముడికి ధైర్యం చెప్పబోతుంటే తమ్ముడు ఇంకేదో అడిగాడు.

"రేపు బేస్తారం గద భాయ్. బజార్ల ఊదు ఎవరేస్తరు?"

"ఇప్పుడు గా ఫికరా నీకు?"

"అబ్బా పోయినంక ఒక్క బేస్తారం గూడ ఆపలే నేను."

వాళ్ళ నాన్న గురువారం సాయంత్రాల్లో ఊదు వేసే సాహెబు. నిప్పుల మీద లోబాన్ సాంబ్రాణి చల్లి, నెమలీకల కట్టతో పొగ విసురుతూ, దుకాణం దుకాణానికీ దువా చేస్తూ తాండూరు బజారంతా తిరిగేవాడు. సేట్లు, కోమట్లు, మిల్లుల వాళ్ళు, అందరూ గల్లాపెట్టె దాకా రానిచ్చేవారు. అమ్జద్ మాత్రం ఉద్యోగంలో చేరాక ఎవరైనా అడిగితే, నాన్నది పెర్ఫ్యూమ్స్ బిజినెస్ అనేవాడు. ఇంటికి రావడం కూడా తగ్గించాడు. ఆ నిప్పుల పాత్రను, ఊదుదానిని, ఎత్తుకున్నది షెహబాజే. అది తల్చుకుంటే అమ్జద్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

తాండూరులో అన్నింటి మీదా బండల పాలిష్ దుమ్ము ఉంటుంది. చెట్ల మీద, చాయ్ గ్లాసుల మీద, మనుషుల కనుబొమ్మల మీద. ఆ మధ్యాహ్నం స్టేషన్ రోడ్డులో ఆగిన ఎర్ర కారు మీద మాత్రం మచ్చుకైనా లేదు. అందులోంచి దిగిన మనిషి పట్టుచీర మీదా లేదు. నల్ల కళ్ళజోడు, పొడవాటి మెడ, ఇంత దూరానికే తెలిసే సెంటు. మనోరమను చూసి రోడ్డు మీద ఒక ఆటో తనంతట తానే స్లో అయింది.

"ఈసారి కందిపప్పు ఎర్రగా ఉందా?" అంది ఆమె.

"ఎండలో పెడితే తెలుస్తుంది," అన్నాడు అమ్జద్. కోడ్ కుదిరింది.

కారులో కూర్చున్నాక ఆమె టకటకా చెప్పింది. "ఎనిమిది చెక్క పెట్టెలు. పాలిష్ చేసిన బండలు. రేపు పొద్దున మూతలు కొట్టేస్తారు. సాయంత్రం లోడింగ్‌కు ముందు ఒక పెట్టె తెరిచి చిప్ పెడతారు. ఏ పెట్టె, ఎవరు పెడతారు, నాకూ చెప్పలేదు. ట్రాకర్, మైక్, వైర్‌లెస్ కెమెరా ఏమీ తేకండి. మా వాళ్ళ దగ్గర ఆర్ఎఫ్ డిటెక్టర్ ఉంది. సిగ్నల్ వదిలే ప్రతిదాన్నీ పట్టేస్తుంది."

'మా వాళ్ళు' అన్న మాట అమ్జద్ చెవిన పడింది. రెండేళ్ళు ముఠాలో ఉన్న మనిషికి అలవాటై ఉంటుందిలే అనుకుని వదిలేశాడు. అతని బుర్ర అప్పటికే ఇంకో దారిన పోతోంది.

"సిగ్నల్ వదలని వస్తువైతే?"

"అంటే?"

"తెరిచిన పెట్టె దానంతట అదే అరిస్తే?"

ఈ వృత్తిలో మొదటి పాఠం, అవసరానికి మించి ఒక్క ముక్క కూడా ఎవరికీ చెప్పకూడదని. అమ్జద్ ఆ పాఠం కొత్తవాళ్ళకు చెప్పేవాడు కూడా. కానీ అందమైన మనిషి కళ్ళజోడు తీసి, చెంపకు చెయ్యి ఆనించుకుని వింటుంటే నోటికి తాళం పడదు. వెలుగును పసిగట్టే ఎల్డీఆర్ అంటే ఏమిటో, వెలుగు పడితే ఏమవుతుందో, చీకట్లో ఏమవుతుందో, అంతా చెప్పాడు. ఆమె మెచ్చుకునేసరికి ఇంకో మెట్టెక్కి, దానికి మన కంటికి కనిపించే వెలుగే కనిపిస్తుందనీ, ఇన్‌ఫ్రారెడ్ కనిపించదనీ అడక్కుండానే వివరించాడు. ఆమె ఎంతో శ్రద్ధగా తలూపింది.

తమ్ముడి దుకాణానికి సీలు ఉంది గనక సామాను వికారాబాద్ వెళ్ళి కొనుక్కొచ్చాడు. లాడ్జిలో కిటికీ పక్కన టేబుల్ మీద పరిచాడు. పెట్టెకొక బజ్జర్, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బీసీ ఫైవ్ ఫోర్టీసెవెన్ ట్రాన్సిస్టర్, ఒక వెయ్యి ఓముల రెసిస్టర్, తిప్పి సరిచేసుకునే ఒక ప్రీసెట్, అన్నిటికంటే ముఖ్యం, మినప గింజంత ఎల్డీఆర్. దాని ముఖం మీద సన్నటి ఎర్ర గీత మెలికలు తిరిగి ఉంటుంది. ఆ గీతే దాని కన్ను.

సంగతి చాలా సులువు. చీకట్లో ఎల్డీఆర్ కరెంటును పోనివ్వదు. దాని అడ్డు లక్షల ఓముల్లో ఉంటుంది. వెలుగు పడగానే మెత్తబడి కొన్ని వందలకు దిగిపోతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఎల్డీఆర్, అక్కడి నుంచి ప్రీసెట్, ప్రీసెట్ నుంచి మైనస్. ఎల్డీఆర్, ప్రీసెట్ కలిసే చోట నుంచి ఒక తీగ, మధ్యలో రెసిస్టర్‌తో, ట్రాన్సిస్టర్ బేస్‌కు. వెలుగు పడితే ఆ కలిసే చోట వోల్టేజి లేస్తుంది. బేస్ దగ్గర అది ముప్పాతిక వోల్టుకు చేరేలోపే ట్రాన్సిస్టర్ తలుపు తీస్తుంది. కలెక్టర్‌కు కట్టిన బజ్జర్‌లోంచి కరెంటు పారుతుంది, బజ్జర్ అరుస్తుంది. అరిచేదాకా అది రేడియో తరంగం ఒక్కటి కూడా వదలదు. ఎంత ఖరీదైన డిటెక్టర్‌కైనా అది చచ్చిన వస్తువే.

ఇదంతా అతనికి నేర్పింది షెహబాజే, ఒక వానాకాలం సెలవుల్లో, దుకాణంలో స్టూలు మీద కూర్చోబెట్టి. మొదటి బోర్డు పూర్తి చేసి అరచేతితో మూస్తే ఊరుకుంది. చెయ్యి తీస్తే కుయ్యిమంది. అమ్జద్‌కు నవ్వొచ్చింది, వెంటనే తమ్ముడి వాచిన పెదవి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. దీన్నే పట్టుకుని బాంబన్నారు.

గురువారం పొద్దున అమ్జద్ చెక్క పెట్టెలకు పురుగుమందు కొట్టే మనిషిగా గోడౌన్‌లోకి వెళ్ళాడు. ముక్కుకు మాస్కు, వీపున డబ్బా. మూత కొట్టబోయే ముందు ఒక్కో పెట్టెలోకి వంగి, మూత అడుగున బోర్డు అతికించాడు. ఎల్డీఆర్ మీద నల్ల టేపు ముక్క వేసి, దాని తోక చెక్కల సందులోంచి బయటికి వదిలాడు. మేకులు దిగాక తోక లాగితే టేపు ఊడొచ్చింది, లోపల చీకట్లో కన్ను తెరుచుకుంది. చెక్కల సందుల్లోంచి దూరే సన్నటి వెలుగుకు మోగకుండా ప్రీసెట్‌లు ముందే సరిచేశాడు.

హమాలీల పెద్ద జంగప్ప అతన్ని వింతగా చూశాడు. సరిహద్దు అవతలి మనిషి, మాటలో కన్నడం కలుస్తుంది.

"ఏం సాబ్, మందు కొడితివి, వాసనే లేదల్ల?"

"కొత్త మందు," అన్నాడు అమ్జద్.

"పురుగన్న జస్తదా?"

"పెద్ద పురుగైతే చస్తది."

సాయంత్రం గోడౌన్ ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు. లారీ వచ్చి ఆగింది. హమాలీలు బయట అరుగు మీద బీడీలు కాలుస్తున్నారు. పడమటి ఎండ సరాసరి గోడౌన్ లోపలికి కొడుతోంది. పెట్టె తెరిస్తే చాలు, వీధి చివరిదాకా వినబడుతుంది.

పెట్టె తెరిచేలోపు గోడౌన్ షట్టరే దిగింది.

దిగిందంటే మామూలుగా కాదు. పూర్తిగా నేలకు ఆనింది. కింది సందులో లోపలి నుంచి గోనెసంచులు కుక్కారు. మరుక్షణం గోడ మీద మీటర్ దగ్గర ఒకడు ఫ్యూజు పీకాడు. ఇద్దరు బలిసిన మనుషులు షట్టర్ ముందు నిలబడ్డారు. అందులో ఒకడు బూడిద రంగు సూటు తొడుక్కున్నాడు, తాండూరు ఎండలో.

అమ్జద్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. పట్టపగలు గోడౌన్‌ను చీకటి చేశారంటే వెలుగుకు భయపడ్డారని. లోపల కళ్ళకు ఇన్‌ఫ్రారెడ్ గాగుల్స్ పెట్టుకుని పని కానిస్తున్నారని. ఆ పెట్టెల్లో ఏముందో, చీఫ్‌ను పక్కన పెడితే, ఈ భూమ్మీద తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు ఇక్కడ చాయ్ తాగుతున్నాడు.

ఎంత ఓపిగ్గా వింది! చెంపకు చెయ్యి ఆనించుకుని, మధ్య మధ్యలో 'అబ్బ, నిజమా' అంటూ. అమ్జద్‌కు ఒళ్ళంతా మండిపోయింది. తమ్ముడి మెడకు ఉచ్చు తన చేత్తోనే బిగించాడు, అదీ గొప్ప కోసం.

వీరేశానికి ఫోన్ చేశాడు. "సార్, మనోరమ డబల్ ఏజెంట్. లోపల పెట్టె తెరుస్తోంది. ఫోర్స్ పంపండి."

"ఆమె ఇప్పుడే మెసేజ్ పెట్టింది. చిప్ ఆ లోడ్‌ల లేదు, నిన్ను వాపస్ పిలవమన్నది."

"అబద్ధం సార్!"

"మీ తమ్ముని మీద సాక్ష్యం ఉన్నది అమ్జద్. ఆమె మీద నీ మాట ఉన్నది." వీరేశం గొంతు ఎప్పటిలాగే చదునుగా ఉంది. "నీ బజ్జర్ మొత్తుకున్నదా?"

"... లేదు."

"మొత్తుకుంటె నాకు వినిపియ్యి. గప్పుడు మాట్లాడుదం. ఢిల్లీ టీం కింద సంతకాలు జేస్తున్నది."

అమ్జద్ దగ్గర పిస్టల్ ఉంది. ఎదురుగా ఇద్దరు. వాళ్ళను దాటి, షట్టర్ పైకెత్తేలోపు లోపల పెట్టెకు మళ్ళీ మూత పడుతుంది. వెలుగు కావాలి. అదీ మూత తెరిచి ఉన్నప్పుడే కావాలి. ఆ షట్టర్‌ను తాండూరులో ఎవరు ఎత్తించగలరు?

అప్పుడు తట్టింది, ఇవాళ బేస్తవారమని.

తమ్ముడి ఇల్లు వెనక సందులోనే. తలుపు తీసింది మరదలు నూరీన్. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. అతన్ని చూసి పక్కకు జరగలేదు.

"ఇన్నేండ్లకు ఇల్లు యాదికొచ్చిందా భాయ్‌జాన్? ఆయన్ను పట్కపోయిన సర్కారు మీదే గద?"

"నన్ను తర్వాత తిట్టు నూరీన్. అబ్బా ఊదుదాని ఎక్కడున్నది?"

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, మారు మాట్లాడకుండా లోపలికెళ్ళింది. పొయ్యిలోంచి నిప్పులు ఎత్తి ఊదుదానిలో పోసింది. పచ్చ రుమాలు, నెమలీకల కట్ట, లోబాన్ సంచి తెచ్చి చేతిలో పెట్టింది.

"మా ఆయన నడ్సినట్టె నడువుండ్రి," అంది. "ఉరికితె అనుమానపడ్తరు."

సర్వీసులో అమ్జద్ ఎన్నో వేషాలు వేశాడు. సాధువు, లారీ డ్రైవరు, ఒకసారి పెళ్ళి బ్యాండులో క్లారినెట్. దేనికీ తడుముకోలేదు. తలకు నాన్న రుమాలు చుట్టుకుంటుంటే మాత్రం ముడి రెండుసార్లు జారిపోయింది.

జేబులో ఫోన్ లైన్ తెరిచే ఉంచి, పొగ విసురుకుంటూ, నెమ్మదిగా, దువా చదువుకుంటూ గోడౌన్ అరుగెక్కాడు. బూడిద సూటు అడ్డం వచ్చాడు.

"గో. టుడే క్లోజ్డ్."

అమ్జద్ అతన్ని చూడలేదు. అరుగు మీదున్న హమాలీలకేసి నెమలీకలు ఊపాడు. వాళ్ళు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. జంగప్ప తలకు తువ్వాలు సర్దుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏయ్, షట్టర్ ఎందుకు దించిన్రు? బేస్తారం ఊదు లోపటికి పోవాలె."

"మేడం ఆర్డర్. ఎవ్వరు పోవద్దు," అన్నాడు రెండోవాడు.

"ఎవని ఆర్డరైతె ఏంది? లోడింగ్‌కు ముందు ఊదు తిరగకుంటె ఈడ ఒక్క పెట్టె లేవదు. పోయినేడు ఒక సేటు గిట్లనే వద్దన్నడు. బండ జారి మా మల్లేశి కాలు ముక్కలైంది. బొంబాయిల కూసున్నోనికేమెరుక, బరువు మోసేది మేం!" జంగప్ప వెనక్కి తిరిగి అరిచాడు. "లేపుండ్రి రా!"

సూటు చెయ్యి కోటులోకి పోయింది. అమ్జద్ ఊదుదానిలో లోబాన్ పిడికెడు గుమ్మరించి, పొగంతా అతని మొహం మీదికి విసిరాడు. వాడు దగ్గుతూ వంగిపోయాడు. అంతలో పదిమంది హమాలీల చేతులు షట్టర్ కింద పడ్డాయి. బండలెత్తే చేతులవి. షట్టర్ ఒక్క ఊపున గడగడలాడుతూ పైకి పోయింది.

పడమటి ఎండ వరదలా లోపలికి దూరింది.

గోడౌన్ చివరి మూల నుంచి కుయ్యిమని కేక మొదలైంది. సన్నగా, ఆగకుండా, చెవులు చిల్లులు పడేలా. ఎనిమిది పెట్టెల్లో ఏడు నోరు మూసుకుని ఉన్నాయి. ఒక్కటే అరుస్తోంది. దాని పక్కన పట్టుచీరలో మనోరమ రెండు చేతులతో గాగుల్స్ పీక్కుంటోంది. చీకటికి అమర్చిన గాగుల్స్‌లోకి ఎండ పడితే కళ్ళలో సూదులు దించినట్టు ఉంటుంది. ఆమె గుడ్డిగా చెయ్యి చాపి బజ్జర్ కోసం తడుముకుంది, దొరకలేదు. వేళ్ళ మధ్య నుంచి అగ్గిపెట్టెలో సగం ఉన్నది జారి బండ మీద టక్కున పడింది.

అమ్జద్ దాన్ని ఎత్తుకుని, ఫోన్ పెట్టె మీద పెట్టాడు.

"వినిపిస్తోందా సార్?"

అవతల జీపు స్టార్టయిన చప్పుడు. ఎవరో తలుపు వేసిన చప్పుడు. తర్వాత వీరేశం ఎవరితోనో, "ఆపు. ఇంజిన్ బంద్ చెయ్," అన్నాడు.

బయట హమాలీలు సూటు మీద కూర్చుని ఉన్నారు. రెండోవాడు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. జంగప్ప లోపలికొచ్చి, అరుస్తున్న పెట్టెనూ, ఊదు సాహెబునూ, చిప్‌నూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు పొద్దుగాల మందు కొట్టినాయనవల్ల?"

"అవును."

"మరి ఊదు వేస్తవా, లేదా? లోడింగ్ ఉన్నది."

అమ్జద్ వేశాడు. ఎనిమిది పెట్టెల చుట్టూ, లారీ చుట్టూ తిరిగి, నాన్న చేసిన దువానే చేశాడు. మధ్యలో మాటలు మరిచిపోతే, మూలన సంకెళ్ళతో కూర్చున్న మనోరమ నవ్వింది.

"మీ నాన్నది పెర్ఫ్యూమ్స్ బిజినెస్ అన్నారు?" అంది. అమ్జద్ నిప్పుల మీద ఇంకాస్త లోబాన్ వేసి, మరిచిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నాడు.

ఆ తర్వాత అన్నీ డిపార్ట్‌మెంట్ పద్ధతి ప్రకారమే జరిగాయి. మనోరమ అప్రూవరుగా మారింది. ముఠా గుట్టంతా చెబుతానంది గనక ఆమెకు ఏసీ గెస్ట్‌హౌస్, ఇద్దరు గన్‌మెన్లు, రోజూ పళ్ళరసం. వీరేశానికి ప్రమోషన్. గిరీష్ భార్యకు ఒక శాలువా. చిప్‌ను మళ్ళీ మామూలు సంచిలో మామూలు రైల్లో పంపించారని ఒక పుకారు, అది అబద్ధం కావాలని అమ్జద్ కోరిక.

శుక్రవారం మధ్యాహ్నం షెహబాజ్‌ను వదిలారు. టీవీలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అరెస్టుకు రెండు రోజులు చూపించిన ఫొటోకు విడుదలప్పుడు రెండు నిమిషాలు కూడా దొరకలేదు. గేటు దగ్గర అమ్జద్ నిలబడి ఉన్నాడు. షెహబాజ్ చేతిలో మడిచిన కాగితం ఒకటి ఉంది. అన్న చేతికిచ్చాడు.

"దీని మీద సంతకం పెట్టమన్నరు. పెట్టిన. ఏమున్నదండ్ల?"

అమ్జద్ చదివాడు. రెండోసారి కూడా చదివాడు. గోడౌన్‌లో మోగిన పరికరానికి ఇప్పుడు 'ఆప్టికల్ ఇంట్రూజన్ ట్రిగ్గర్, మార్క్ వన్' అని పేరు పెట్టారు. దేశ భద్రతకు సంబంధించిన రహస్య పరికరమని ముద్ర వేశారు. కాబట్టి షెహబాజ్ అనబడే వ్యక్తి ఇకపై దాన్ని తయారు చేయరాదు, అమ్మరాదు, ఎవరికీ వివరించరాదు. దుకాణంలో ఉన్న బోర్డులన్నీ సర్కారు స్వాధీనం. డిపార్ట్‌మెంట్‌కు కావలసినవి విదేశీ కంపెనీ నుంచి తెప్పించుకుంటారు.

"ఇక నువ్వు బజ్జర్లు చెయ్యొద్దంట," అన్నాడు అమ్జద్. "నేనే వాళ్ళకు చూపించిన షెహబాజ్. నా వల్లనే అయింది."

షెహబాజ్ కాగితం వెనక్కి తీసుకుని నడక మొదలుపెట్టాడు. బండ్ల దుమ్ము మొహాన కొడుతున్నా తుడుచుకోలేదు. బస్టాండు దాకా నడిచాక ఆగి, అన్నవైపు తిరిగాడు.

"గని భాయ్, గిది బడి పిల్లల సైన్స్ పుస్తకంల ఉన్నది గద? బొమ్మతోని సహా."

"మెల్లగ మాట్లాడు," అన్నాడు అమ్జద్ వెనక్కి చూస్తూ. "గా పుస్తకం రాసిన పంతుల్ని పట్కరమ్మని మళ్ల నన్నే పంపుతరు."